హాజరుకు లెక్క ఉంది, గంటలకు లెక్క ఏదీ?

జాతీయ వైద్య కమిషన్ అధ్యక్షులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్యారోగ్య శాఖ మంత్రులకు, రెండు రాష్ట్రాల వైద్యవిద్య సంచాలకులకు, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లకు, బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు, మా గురువులకు:

నమస్కారం.

నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో జనరల్ మెడిసిన్ పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. నా పేరు, కాలేజీ పేరు రాయడం లేదు. థీసిస్ మీద ఇంకా సంతకాలు కావాలి. ప్రాక్టికల్స్‌లో మా విభాగం వాళ్లే ఇంటర్నల్ ఎగ్జామినర్లు. మీలో చాలామంది ఈ దారిలోనే నడిచి వచ్చినవాళ్లు కాబట్టి ఇంతకు మించి వివరణ అక్కర్లేదనుకుంటాను. పైగా ఇది ఏ ఒక్క కాలేజీ గొడవా కాదు.

డ్యూటీ గంటల విషయంలో మేము కొందరం కలిసి ముందు మా విభాగాధిపతి (హెచ్ఓడీ)కి, తర్వాత ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టుకున్నాం. తీసుకున్నారు, ముద్ర వేశారు. జవాబు మాత్రం రాలేదు. కొద్ది రోజులకే, సంతకం పెట్టిన ఫస్ట్ ఇయర్ వాళ్లకు వరసగా క్యాజువాలిటీ నైట్లు పడ్డాయి. వీటికి మా దగ్గర పేరు కూడా ఉంది: పనిష్‌మెంట్ డ్యూటీలు. లోపల చెప్పుకుంటే ఇలా అయింది కాబట్టి ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. మా మీద జాలి కోసం కాదు. పెద్దాసుపత్రికి వచ్చే జనం ఎవరి చేతిలో వైద్యం చేయించుకుంటున్నారో, ఆ చేతుల పరిస్థితి ఏమిటో వాళ్లకూ తెలియాలి.

ముందు వాస్తవాలు చెబుతాను.

1. ఒక వారం లెక్క

అడ్మిషన్ డే, అంటే మా యూనిట్ కొత్త రోగులను చేర్చుకునే రోజు, ఉదయం ఎనిమిదికి వార్డులో అడుగుపెడితే ఆ రోజంతా, ఆ రాత్రంతా, మర్నాడు సాయంత్రం రౌండ్స్ అయ్యేదాకా బయటికి రాలేం. అది 36 గంటలు. ఫస్ట్ ఇయర్‌లో వారానికి ఇలాంటివి రెండు పడటం మామూలే. అక్కడికి 72 గంటలు. మిగిలిన రెండు రోజులు పన్నెండేసి గంటలు, ఆదివారం రౌండ్స్‌కు నాలుగు గంటలు వేసుకుంటే సరిగ్గా వంద. ఇది మామూలు వారం. డెంగీ సీజన్‌లో ఈ లెక్క నిలవదు.

నిబంధనలు లేక ఇలా జరగడం లేదు. 1992 జూన్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెన్సీ పథకం (ఆసుపత్రిలో పనిచేస్తూ చదివే మాలాంటి డాక్టర్ల పథకం) కింద ఇచ్చిన ఆదేశాల్లో రోజుకు 12 గంటలకు మించి వరుస డ్యూటీ ఉండకూడదని, వారానికి 48 గంటల పని, వంతులవారీగా ఒక సెలవు అని రాశారు. 2023 నాటి పీజీ వైద్యవిద్య నిబంధనల్లో "సహేతుకమైన పనిగంటలు", తగిన విశ్రాంతి, వారానికో సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు అన్నారు. సహేతుకం అంటే ఎన్ని గంటలో చెప్పలేదు. ఆ ఖాళీలోనే మా బతుకంతా నడుస్తోంది. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 2024లో కమిషన్ నియమించిన జాతీయ కార్యదళం తన నివేదికలో వారానికి 74 గంటలు మించకూడదని సిఫారసు చేసింది. 1992లో 48 అన్నవాళ్లం 32 ఏళ్ల తర్వాత 74 దగ్గర తేలాం. ముందుకు పోయింది 26 గంటలు, అదీ తప్పు దిక్కుకు. అయినా సరే, ఆ 74 అన్నా ఇవ్వండి, మహాప్రసాదం అనుకుంటాం.

2. మీ నివేదిక మీకే చెప్పిన సంగతి

ఆ కార్యదళం సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు, 7,035 మంది అధ్యాపకులు పాల్గొన్నారు. తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని ఎంబీబీఎస్‌లో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం చెప్పారు. చనిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నవాళ్లు ఎంబీబీఎస్‌లో 16.2 శాతం, పీజీల్లో 31 శాతానికి పైనే. పీజీల్లో సగానికి మించి తమకు వారపు సెలవు సరిగా దొరకడం లేదన్నారు.

ఆన్‌లైన్ సర్వే కదా, బాధ ఉన్నవాళ్లే ఎక్కువమంది నింపి ఉంటారు అని ఎవరైనా అనొచ్చు. ఒప్పుకుంటాను. సగానికి సగం కొట్టేయండి. అప్పటికీ ప్రతి ఆరేడుగురు పీజీల్లో ఒకరికి బతకాలనిపించలేదని తేలుతుంది. మీ యూనిట్‌లో ఎంతమంది పీజీలున్నారో ఒకసారి లెక్కపెట్టుకోండి.

ఎంబీబీఎస్ కంటే పీజీల్లో నిర్ధారణ అయినవాళ్లు తక్కువ, ఆ ఆలోచనలు వచ్చినవాళ్లు ఎక్కువ. ఈ తేడా మీద ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. నాకు తోచే కారణం ఒకటే. పీజీకి డాక్టర్ దగ్గరికి వెళ్లే తీరిక లేదు. వెళ్లాలన్నా, వెళ్లాల్సింది తను పనిచేసే ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకే. అక్కడ చీటీ రాసేది బ్యాచ్‌మేట్, చూసేది రేపు కారిడార్‌లో ఎదురయ్యే సార్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యత మన హక్కు అంటుంది. రోగులకు ఆ మాట చెప్పేది మేమే. మా దాకా వచ్చేసరికి ఆ హక్కుకు గది లేదు, తలుపు లేదు.

సమాచార హక్కు కింద బయటికొచ్చిన వివరాల ప్రకారం 2018 నుంచి 2022 దాకా అయిదేళ్లలో దేశంలో సుమారు 120 మంది వైద్య విద్యార్థులు ప్రాణం తీసుకున్నారు. వెయ్యి మందికి పైగా చదువు మధ్యలో వదిలేశారు. వదిలేసినవాళ్లలో ఎక్కువమంది పీజీలే. ఎంబీబీఎస్ పూర్తిచేసి, నీట్ పీజీలో ర్యాంకు కొట్టి, కోరుకున్న సీటు సంపాదించి కూడా పారిపోయారంటే లోపం పిల్లల్లో వెతకడం మానేయాలి.

3. నిద్ర లేని డాక్టరు, నిద్ర లేని డ్రైవరు

1997లో ఆస్ట్రేలియాకు చెందిన డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి, 24 గంటలు మేలుకుంటే 0.10 శాతం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని చూపారు. మన దేశంలో డ్రంకెన్ డ్రైవ్ కేసు పెట్టడానికి 0.03 శాతం దాటితే చాలు. అంటే పోలీసులు బైక్ తాళం లాక్కుని ఇంటికి పంపేసే స్థితికి మూడు రెట్లు ముదిరిన స్థితిలో మేము ఇన్సులిన్ యూనిట్లు రాస్తున్నాం, ఐసీయూలో ట్యూబులు వేస్తున్నాం, వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్లు చేస్తున్నాం. లారీ, బస్సు డ్రైవర్లకు 1961లోనే చట్టం వచ్చింది: రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48. ఆ చట్టం ఎంత అమలైందన్నది వేరే కథ. రాసి పెట్టారు, అతిక్రమిస్తే నేరం అన్నారు. మాకు ఆ మాత్రం కూడా లేదు.

గంటలు తగ్గిస్తే రోగులకు నష్టం అంటారు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూడండి. ఐసీయూల్లో పాత పద్ధతిలో 24 గంటలు దాటే షిఫ్టులు చేసిన ఇంటర్న్‌లు, గంటలు తగ్గించినప్పటితో పోలిస్తే 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేశారు. షిఫ్టులు చిన్నవైతే ఒకరి నుంచి ఒకరికి రోగిని అప్పగించే సందర్భాలు పెరుగుతాయి, అక్కడా పొరపాట్లు జరుగుతాయన్నది నిజమే. దానికి కాగితం మీద పద్ధతిగా అప్పగింత నేర్పాలి. మాకిప్పుడు అప్పగింత అంటే మెట్ల మీద ఎదురైనప్పుడు "పన్నెండో బెడ్ కొంచెం చూస్కో" అనడమే.

4. పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ల మీద పడే భారం

కేజీహెచ్, గాంధీ, ఉస్మానియా, ఎంజీఎం, గుంటూరు, కర్నూలు పెద్దాసుపత్రులు, ఏదైనా సరే, రాత్రి పది దాటాక నడిపేది పీజీలు, హౌస్ సర్జన్లే. ఇది బహిరంగ రహస్యం. డబ్బున్నవాళ్లు కార్పొరేట్ ఆసుపత్రికి వెళతారు. అప్పు చేసైనా వెళ్లలేనివాళ్లు, ఏజెన్సీ నుంచి 108లో వచ్చినవాళ్లు, పొలంలో పాము కరిచినవాళ్లు, కూలికెళ్లి వడదెబ్బ తగిలినవాళ్లు వచ్చేది మా దగ్గరికే. వాళ్లకు దొరికేది ముప్ఫయ్యో గంటలో ఉన్న డాక్టరు.

ఆ గంటలో ఏం జరుగుతుందో చెబుతాను. హిస్టరీ మూడు ప్రశ్నలకు కుంచించుకుపోతుంది. ముసలమ్మ "అయ్యా, ఛాతీలో ఒకలాగా ఉంది" అంటే ఒకలాగా అంటే ఎలా అని ఓపిగ్గా అడగాల్సినవాడు "నొప్పా, మంటా, తొందరగా చెప్పు" అంటాడు. ఆమె బెదిరిపోయి "మంటే" అంటుంది. గ్యాస్ మాత్ర రాస్తారు. ఈసీజీ తీయాలన్న ఆలోచన వస్తే ఆమె అదృష్టం. అటెండెంట్లు రెండోసారి అడిగితే కసురుకుంటాం. వాళ్లు సెల్‌ఫోన్ తీసి వీడియో మొదలుపెడతారు. "డాక్టర్ల నిర్లక్ష్యం" అని మర్నాడు స్క్రోలింగ్ వస్తుంది. అప్పుడు విచారణ కమిటీ వేస్తారు. ఆ డాక్టరు అప్పటికి ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నాడని అడిగిన కమిటీని నేను ఇంతవరకూ చూడలేదు.

దాడులు కూడా చాలావరకు ఇలాంటి గంటల్లోనే మొదలవుతాయి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో మా తోటి పీజీ హత్యాచారానికి గురైంది సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో, పడుకోవడానికి సరైన చోటు లేక సెమినార్ గదిలో ఒరిగినప్పుడు. ఆ కేసు విచారణలో 36 గంటల డ్యూటీలు అమానుషమని సుప్రీంకోర్టే అంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మేము రోడ్డెక్కాం. కొవ్వొత్తులు వెలిగించాం. ఆ తర్వాత సీసీ కెమెరాలు వచ్చాయి, గేటు దగ్గర సెక్యూరిటీ పెరిగింది. మా విభాగంలో ఆడపిల్లల డ్యూటీ రూమ్‌కు గడియ మాత్రం ఇవాళ్టికీ సరిగా పడదు.

5. డాక్టరు చదువు కాని పనులు

నా రోజులో మూడో వంతు ఇవే. రక్తం శాంపిళ్లు పట్టుకుని ల్యాబ్‌కు పరుగు, బ్లడ్ బ్యాంక్ దగ్గర నిలబడటం, సిటీ స్కాన్‌కు ట్రాలీ తోయడం, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కేసులకు ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయడం. "ఎక్కువ పనిచేస్తేనే పని వస్తుంది" అనే గురువులు ఈ మాట ఆలోచించాలి. ట్రాలీ తోస్తే నాకు ఏ మెడిసిన్ వస్తుంది? "మా రోజుల్లో ఇంతకంటే ఎక్కువే చేశాం" అన్నది ఇంకో మాట. చేశారు సార్, కాదనను. అప్పుడు ఇన్ని వెంటిలేటర్లు లేవు, బీమా అప్‌లోడ్లు లేవు, ఆన్‌లైన్ లాగ్‌బుక్ లేదు, అర్ధరాత్రి వాట్సాప్ గ్రూపులో "ఎందుకు రిప్లై లేదు" అన్న మెసేజూ లేదు.

6. ఎంబీబీఎస్ పిల్లలు

వీళ్ల బాధ వేరు. ఇంటర్ రెండేళ్లు, కొందరికి లాంగ్‌టర్మ్ మరో ఏడాదో రెండేళ్లో, కార్పొరేట్ హాస్టల్ గదిలో మగ్గి సీటు తెచ్చుకుంటారు. వచ్చాక ఊళ్లో ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీ కిందే అనాటమీ ఫెయిలవుతారు. జీవితంలో మొదటిసారి ఫెయిలవడం ఎలాగో వాళ్లకెవరూ నేర్పలేదు. ఫస్ట్ ఇయర్ గట్టెక్కడానికి నాలుగే అవకాశాలు. జిల్లా జిల్లాకూ కొత్త కాలేజీలు పెట్టారు, సంతోషం. మా జూనియర్లు చాలామంది వాటివల్లే సీటు తెచ్చుకున్నారు. కానీ పాఠం చెప్పేవాళ్లు తక్కువ, హాస్టల్ కొన్నిచోట్ల అద్దె భవనం, సీనియర్లే ఉండరు. ఏడ్చుకోవాలన్నా భుజం ఉండదు.

యాజమాన్య కోటా వాళ్లకు అప్పు భయం, ప్రైవేటు కాలేజీల్లో స్టైపెండ్ భయం. కాగితం మీద ఇచ్చి చేత్తో వెనక్కి తీసుకునే పద్ధతి మీకు తెలియదని నేననుకోను. స్టైపెండ్ వివరాలు బయటపెట్టలేదని 2025లో కమిషన్ చాలా కాలేజీలకు షోకాజ్ నోటీసులిచ్చింది కదా.

ఇక మా అభ్యర్థనలు. వీటిలో కొత్త చట్టం అవసరమైనది ఒక్కటీ లేదు.

1. గంటలు లెక్కపెట్టండి. అన్నిటికంటే ముందు ఇదే. మాకు 80 శాతం హాజరు ఉండాలని ముఖం చూపించి హాజరు వేయిస్తున్నారు. తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు. అదే యంత్రం మేము ఎప్పుడు లోపలికి వచ్చామో, ఎప్పుడు బయటికి వెళ్లామో కూడా చెప్పగలదు. తక్కువైతే పట్టుకునే లెక్క, ఎక్కువైతే ఎందుకు పట్టుకోదు? విభాగాలవారీగా ప్రతి నెలా సగటు డ్యూటీ గంటలు, ఇచ్చిన వారపు సెలవులు కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టించండి. 74 గంటలు దాటిన విభాగాన్ని అధ్యాపకుల కొరత ఉన్న విభాగంతో సమానంగా చూసి, మరుసటి ఏడాది పీజీ సీట్ల అనుమతికి ముడిపెట్టండి. సీట్ల మాట వస్తే తప్ప యాజమాన్యాలు కదలవని మీకూ తెలుసు. 48 గంటలకు ఎప్పటికి చేరుకుంటారో కూడా తేదీ చెప్పండి.

2. నైట్ చేసినవాళ్లను మర్నాడు ఉదయం అప్పగింత కాగానే పంపేయండి. క్యాజువాలిటీలకు డ్యూటీ డాక్టర్లను, సీనియర్ రెసిడెంట్లను నియమించండి. సీట్లు పెంచినంత వేగంగా పోస్టులు నింపితే చాలు.

3. శాంపిళ్లు తీసేవాళ్లను, ట్రాలీ తోసేవాళ్లను, బీమా అప్‌లోడ్లకు ఆపరేటర్లను మూడు షిఫ్టుల్లోనూ పెట్టండి. మా గంటలు తగ్గించడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

4. 2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు మన విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసినది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. ఆ కౌన్సెలర్‌ను మా సైకియాట్రీ విభాగం నుంచి కాకుండా బయటి నుంచి, విశ్వవిద్యాలయం నేరుగా నియమించాలి. గది ఆసుపత్రి ఆవరణలో ఉండకూడదు. పేర్లు ప్రిన్సిపాల్‌కు సైతం వెళ్లకూడదు. దయచేసి దీని బదులు యోగా సదస్సు పెట్టకండి. నైట్ చేసొచ్చినవాళ్లను సెమినార్ హాల్లో కూర్చోబెట్టి, హాజరు తీసుకుని, ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని రెండు గంటలు ఉపన్యసిస్తే ఒత్తిడి ఎవరికి తగ్గుతుందో నాకు తెలియదు.

5. సీటు వదిలే బాండ్లు తీసేయండి. లక్షల రూపాయల జరిమానా భయంతో, ఇక తట్టుకోలేననుకున్నవాళ్లు కూడా అక్కడే ఉండిపోతున్నారు. ఆ జరిమానా బదులు ఏడాది పాటు మళ్లీ ప్రవేశం ఇవ్వకుండా ఉంటే చాలని 2024 జనవరిలో కమిషనే రాష్ట్రాలకు లేఖ రాసింది. మన రెండు రాష్ట్రాలూ ఆ లేఖను ఏం చేశాయో ప్రకటించాలి. మానసిక చికిత్స కోసం తీసుకునే సెలవును టైఫాయిడ్‌కు తీసుకునే సెలవులాగే చూడండి.

6. సీనియర్లు, అధ్యాపకులు పెట్టే వేధింపులపై ఫిర్యాదు అదే విభాగానికి తిరిగి రాకుండా చూడండి. ర్యాగింగ్ నిషేధ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. 2021లో కమిషన్ ప్రత్యేక నిబంధనలూ తెచ్చింది. అయినా పీజీల దగ్గర "అది ర్యాగింగ్ కాదు, ట్రైనింగ్" అంటారు. ఫిర్యాదు చేసిన విద్యార్థికి గైడ్‌ను, ఇంటర్నల్ ఎగ్జామినర్‌ను మార్చే అధికారం విశ్వవిద్యాలయానికి ఉండాలి. అది లేనంతకాలం ఫిర్యాదు పెట్టెలు ఖాళీగానే ఉంటాయి, ఖాళీ పెట్టె చూపించి సమస్య లేదని మీకు నివేదిక పంపుతూనే ఉంటారు.

7. స్టైపెండ్ నెల మొదటి వారంలో, బ్యాంకు ఖాతాలోకి, ప్రైవేటు కాలేజీల్లోనూ. హాస్టళ్ల కోసం 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మె చేస్తే నిధులు మంజూరు చేస్తూ జీవోలొచ్చాయి. సమ్మె చేస్తే తప్ప మంచాలు రావు అన్న అలవాటు మాకు చేయకండి. సమ్మె జరిగిన ప్రతి రోజూ ఓపీ బయట చీటీ పట్టుకుని నిలబడేది పేదవాళ్లే.

మా తోటివాళ్లకు ఒక మాట. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. ఫోన్ చేయడానికి హెచ్ఓడీ అనుమతి అక్కర్లేదు. పక్క గదిలో మనిషి రెండు రోజులుగా మెస్‌కు రాకపోతే తలుపు కొట్టండి.

రోగుల బంధువులకు ఇంకొక మాట. ఈసారి పెద్దాసుపత్రిలో డాక్టర్ విసుక్కుంటే, నిలదీసే ముందు "ఎప్పట్నుంచి డ్యూటీలో ఉన్నావు బాబూ" అని అడగండి. ఆ జవాబు విన్నాక మీ ఎమ్మెల్యేను, మంత్రిని నిలదీయండి.

అధికారులకు చివరిగా ఒకటే విన్నపం. ఈ నెల మీ పరిధిలో ఏదో ఒక బోధనాసుపత్రికి చెప్పకుండా వెళ్లండి, తెల్లవారుజామున నాలుగింటికి. మెడికల్ వార్డులో ఉన్న పీజీని పక్కకు పిలిచి, ఎప్పుడు డ్యూటీలో చేరాడో, ఎప్పుడు వెళతాడో అడగండి. విభాగం రిజిస్టర్‌లో రాసినదాంతో సరిచూడండి. ఆ రెండు లెక్కలూ కలిస్తే ఈ లేఖ చించేయండి. కలవకపోతే తేడా ఎంతో ప్రకటించి, పై ఏడింటిలో దేన్ని ఏ తేదీలోగా చేస్తారో రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక పీజీ వైద్య విద్యార్థి, జనరల్ మెడిసిన్